సెట్లు పెంచాలా, బరువు పెంచాలా? చెరువుల పని చూసుకుంటూ వారానికి నాలుగు రోజులే జిమ్‌కు వెళ్లగలను, సలహా ఇవ్వండి

చెరువుగట్టు (భీమవరం దగ్గర)

నమస్కారమండి. నా వయసు 31, ఎత్తు 171 సెంటీమీటర్లు, బరువు 68 కేజీలు. మాకు రెండు వనామి రొయ్యల చెరువులు ఉన్నాయి. జిమ్‌కు వెళ్లడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. మొదటి పది నెలలు వారానికి మూడు రోజులు వెళ్లి, ఒక్కొక్క కండరానికి వారానికి సుమారు తొమ్మిది సెట్లు (ఆగకుండా వరుసగా ఎత్తే ఒక విడత ఒక సెట్టు) చేసేవాడిని. ఆ పది నెలల్లో బెంచ్ ప్రెస్ (బల్ల మీద వెల్లకిలా పడుకుని బార్ పైకి నెట్టడం) ఖాళీ బార్ నుంచి 60 కేజీలకు చేరింది, పాత చొక్కాలు భుజాల దగ్గర పట్టడం మానేశాయి. తొందరగా ఇంకా పెరగాలన్న ఆశతో తరువాత వారానికి ఆరు రోజులు వెళ్లడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఒక్క ఛాతీకే వారానికి 24 సెట్లు అవుతున్నాయి, వాటిలో ప్రతి సెట్టునూ బార్ ఇక లేవదన్న స్థితి వచ్చేదాకా చేస్తున్నాను.

ఫలితం ఏమిటంటే, ఎనిమిది నెలలుగా బెంచ్ ప్రెస్ 60 కేజీలకు 8 రెప్స్ (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్) దగ్గరే నిలిచిపోయింది. మొదటి సెట్టులో 8 వస్తే తరువాతి సెట్లలో 5, 4, 3 మాత్రమే వస్తున్నాయి. రెండు మోచేతుల లోపలివైపు నొప్పి మొదలైంది. పంట చివరి నెలలో రాత్రిపూట నీటిలో ఆక్సిజన్ పడిపోతుందేమోనన్న భయంతో తెల్లవారేలోగా రెండు మూడుసార్లు లేచి నీటిలో గాలి కలిపే ఏరేటర్లు చూసుకోవాలి కాబట్టి, ఆ రోజుల్లో అయిదు గంటల నిద్ర కూడా దొరకదు.

జిమ్‌లో ఒకరు సెట్లు తగ్గించి బరువు బాగా పెంచమంటున్నారు. మరొకరు బరువు తగ్గించి సెట్లు ఇంకా పెంచమంటున్నారు. ఇద్దరి ఒళ్లూ బాగానే ఉంది కాబట్టి ఎవరి మాట వినాలో తెలియడం లేదు. వచ్చే నెల నుంచి వారానికి నాలుగు రోజులు, రోజుకు గంట మాత్రమే నాకు వీలవుతుంది. కండ పెరగడమే నా కోరిక, పోటీలకు వెళ్లే ఉద్దేశం లేదు. ఎంత బరువుతో, ఎన్ని సెట్లు, ఎంతవరకు కష్టపడి చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

వ్యాయామ టీచరు (పాలకొల్లు)

మీ జిమ్‌లో ఆ ఇద్దరు ఇంటెన్సిటీ అన్న మాటను రెండు వేరు వేరు అర్థాల్లో వాడుతున్నారని నాకు అనిపిస్తోంది, అందుకని ముందు దాన్ని విడదీసి చెబుతాను. క్రీడాశాస్త్రంలో ఇంటెన్సిటీ అంటే మీరు ఒకే ఒక్కసారి ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో ఎన్నో వంతు బార్ మీద ఉందన్న లెక్క. జిమ్‌లలో అదే మాటను ఆ సెట్టులో ఎంతవరకు తెగించి చేశారన్న అర్థంలో వాడతారు. 40 కేజీలతో ఇక ఒక్క రెప్ కూడా రాదన్నంత వరకు చేస్తే మొదటి లెక్కలో తీవ్రత తక్కువ, రెండో లెక్కలో చాలా ఎక్కువ. 70 కేజీలతో ఒక్క రెప్ చేసి బార్ పెట్టేస్తే మొదటి లెక్కలో తీవ్రత చాలా ఎక్కువ, రెండో లెక్కలో అంత కాదు.

కండ పెరుగుదల విషయంలో ఈ తేడా చాలా ముఖ్యమైనది. 2012లో మిచెల్, ఆయన సహచరులు చేసిన ప్రయోగంలో గరిష్ఠ బరువులో 30 శాతంతో కాళ్ల వ్యాయామం చేసినవారికీ, 80 శాతంతో చేసినవారికీ పది వారాల తరువాత తొడ కండ దాదాపు సమానంగానే పెరిగింది. రెండు వర్గాలవారూ ప్రతి సెట్టునూ అలసి ఆగిపోయేదాకా చేశారన్నది ఇక్కడ గమనించవలసిన షరతు. 2015లో షోన్‌ఫెల్డ్ బృందం ఇదివరకే శిక్షణ ఉన్న పురుషుల మీద ఇలాంటి పరీక్షే చేసినప్పుడు 25 నుంచి 35 రెప్స్ చేసినవారికీ, 8 నుంచి 12 రెప్స్ చేసినవారికీ కండ సమానంగానే పెరిగింది, కానీ బార్ భుజాల మీద పెట్టుకుని గుంజీలు తీసే స్క్వాట్‌లో బలం మాత్రం ఎక్కువ బరువు ఎత్తినవారికే ఎక్కువగా వచ్చింది.

దీన్నిబట్టి తేలేది ఏమిటంటే, కండ కోసమైతే బరువు ఎంత అన్న విషయంలో మీకు చాలా వెసులుబాటు ఉంది, సెట్టు ముగిసేసరికి కండరం నిజంగా అలసట అంచుకు చేరిందా అన్న విషయంలో మాత్రం అంత వెసులుబాటు లేదు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కేజీల విభాగంలో 110, 130 కలిపి 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చారు. అటువంటి క్రీడాకారుల సాధనలో ఒకటి, రెండు, మూడు రెప్స్‌తో భారీ బరువులు ఎత్తడం ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే వారికి కావలసింది ఆ ఒక్క ఎత్తులోని బలం, వేగం, పట్టు. మా పిల్లలు వారి వీడియోలు చూసి కండ కోసం కూడా అదే పద్ధతి అనుకుంటారు, మీరు ఆ పొరపాటు చేయవద్దు.

మోచేతుల సంగతి మళ్లీ వచ్చి రాస్తాను.

తాలింఖానా వీధి (అమలాపురం)

టీచరుగారు అసలు ముడి విప్పేశారు కాబట్టి నేను మీ లెక్కల్లోకి నేరుగా వెళ్తాను. పదిహేనేళ్లుగా బరువులు ఎత్తుతున్నాను, మొదటి ఆరేళ్లు సరిగ్గా మీరు ఇప్పుడు చేస్తున్నదే చేసి నష్టపోయాను. అందుకే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

మీరు 60 కేజీలకు 8, 5, 4, 3 వస్తున్నాయని రాశారు. అంటే నాలుగు సెట్లకు 20 రెప్స్, బార్ మీద కదిలిన మొత్తం 1200 కేజీలు. 60 కేజీలకు 8 రెప్స్ చేయగలవారు ఒకే ఒక్కసారి సుమారు 76 కేజీలు ఎత్తగలరని సాధారణంగా వాడే సూత్రం చెబుతుంది. అందులో 72 శాతం దాదాపు 55 కేజీలు. రేపు 55 కేజీలు పెట్టుకుని, ఇంకా రెండు రెప్స్ వస్తాయనగా సెట్టు ఆపి, సెట్టుకూ సెట్టుకూ మధ్య మూడు నిమిషాలు కూర్చోండి. మీకు 9, 9, 8, 7 వస్తాయని నా అంచనా. అంటే 33 రెప్స్, 1815 కేజీలు. బార్ మీద అయిదు కేజీలు తగ్గించినందుకు మొత్తం పని సగానికి సగం పెరిగింది, పైగా ఆ 33 రెప్స్‌లో చాలావరకు కండరం గట్టిగా లాగవలసి వచ్చినవే. మొదటి సెట్టులోనే ఒంట్లోని సత్తువంతా ఊడ్చేయడం వల్ల తరువాతి మూడు సెట్లు పేరుకు సెట్లుగా మిగిలాయి తప్ప పెరుగుదలకు పనికొచ్చేంత సరుకు వాటిలో లేదు. మీ 24 సెట్లలో చాలావరకు ఇటువంటివే అయి ఉంటాయి.

విరామం గురించి ఒక మాట. 2016లో శిక్షణ ఉన్న 21 మంది యువకుల మీద ఎనిమిది వారాలు జరిగిన పరీక్షలో సెట్ల మధ్య ఒక నిమిషం ఆగినవారికన్నా మూడు నిమిషాలు ఆగినవారికి బలమూ, కండా రెండూ ఎక్కువ పెరిగాయి. మన జిమ్‌లలో చెమట కారడమే కొలత అయిపోయి కూర్చుంటే బద్ధకమనుకుంటారు, అది సరికాదు.

ఇక వారానికి ఎన్ని సెట్లు అన్న ప్రశ్న. అప్పటివరకు వచ్చిన 15 అధ్యయనాలను కలిపి 2017లో చేసిన విశ్లేషణలో, ఒక కండరానికి వారానికి అయిదు సెట్లకన్నా తక్కువ చేసినవారికి సగటున 5.4 శాతం, అయిదు నుంచి తొమ్మిది చేసినవారికి 6.6 శాతం, పదీ అంతకన్నా ఎక్కువా చేసినవారికి 9.8 శాతం కండ పెరుగుదల కనిపించింది. సెట్లు పెరిగేకొద్దీ ఫలితం పెరుగుతుందన్నది నిజమే. అయితే అయిదు సెట్లలోపే సగానికి మించిన ఫలితం వచ్చేసిందన్నది కూడా ఆ అంకెలే చెబుతున్నాయి. ఆ తరువాత కలిపే ప్రతి సెట్టూ ముందుదానికన్నా కొంచెం తక్కువే ఇస్తుంది, కానీ అలసటను మాత్రం ఏమాత్రం తగ్గకుండా తెస్తుంది.

మీరు రొయ్యల రైతు కాబట్టి ఈ సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. మేత ఎంత వేయాలో పట్టిక చూసి కళ్లు మూసుకుని వేయరు కదండీ. రెండు గంటల తరువాత, ఎంత తిన్నాయో చూడడానికి నీటిలో పెట్టిన చెక్ ట్రేలు పైకి లాగి, మేత మిగిలితే తగ్గిస్తారు, పూర్తిగా ఖాళీ అయితేనే కొంచెం పెంచుతారు. మిగిలిన మేత రొయ్యకు పట్టకపోగా అడుగున కుళ్లి చెరువునే పాడుచేస్తుంది. మీ ఒంటికి చెక్ ట్రే మీరు రాసుకునే నోటుపుస్తకం. ప్రతి వ్యాయామానికి బరువు, రెప్స్, ఆపేటప్పటికి ఇంకా ఎన్ని రెప్స్ చేతిలో ఉన్నాయన్న అంచనా, ఈ మూడూ రాయండి. రెండు వారాలు వరుసగా రెప్ గానీ బరువు గానీ పెరుగుతూ ఉండి, తరువాతి సాధన రోజుకు ఆ కండరం నొప్పి లేకుండా తేరుకుంటే, వారానికి ఒకటి రెండు సెట్లు కలపండి. అంకెలు ఆగిపోయి నిద్ర, ఆకలి, కీళ్లు కూడా మొండికేస్తే సెట్లు తీసేయండి. నిద్ర, తిండి, కీళ్లు అన్నీ బాగున్నా అంకెలు కదలకపోతేనే సెట్లు చాలడం లేదేమోనని ఆలోచించాలి. మీరు ఎనిమిది నెలలుగా ట్రే చూడకుండా మేత పెంచుతూ వచ్చారు.

నేనైతే మొదట ఒక వారం బరువు అంతే ఉంచి సెట్లు సగానికి తగ్గిస్తాను. తరువాత సోమ, గురువారాలు పైభాగం, మంగళ, శుక్రవారాలు కాళ్లు అన్న విభజనతో ఛాతీకి వారానికి 10 సెట్లు, వీపుకు 12, తొడలకు 10 దగ్గర మొదలుపెడతాను. గంటలో మూడు నిమిషాల విరామాలతో నిజాయితీగా పదిహేను పదహారు సెట్లకన్నా ఎక్కువ పట్టవు. బెంచ్ ప్రెస్ ఒక సెట్టు, రోయింగ్ (బరువును ఒంటివైపు లాగడం) ఒక సెట్టు మార్చి మార్చి చేస్తే ఒక కండరం పనిచేస్తున్నప్పుడు రెండోది తేరుకుంటుంది కాబట్టి సమయం కలిసివస్తుంది.

బెంచ్ ప్రెస్, స్క్వాట్, రోయింగ్ వంటి పెద్ద వ్యాయామాలలో రెండు రెప్స్ చేతిలో ఉంచుకుని ఆపండి. కర్ల్స్ (మోచేయి మడిచి బరువు ఎత్తడం), లెగ్ ఎక్స్‌టెన్షన్, భుజాల పక్కకు డంబెల్ ఎత్తడం వంటి చిన్నవాటిలో చివరి సెట్టును పూర్తిగా అలసిపోయేదాకా చేసినా నష్టం లేదు. పక్కన పట్టుకునేవారు లేకుండా బెంచ్ మీద బార్‌తో ఆ సాహసం ఎన్నడూ చేయవద్దు.

మిల్లు గుమాస్తా (మండపేట)

తాలింఖానా వీధివారితో నేను కొంత విభేదిస్తున్నాను. నా వయసు 46. ధాన్యం కొనుగోళ్ల కాలంలో మిల్లు దగ్గరి నుంచి రాత్రి ఎనిమిదికి బయటపడతాను కాబట్టి వారానికి రెండు రోజులు, రోజుకు నలభై నిమిషాలు దొరకడమే కష్టం. ఒక్కొక్క వ్యాయామానికి బాగా వేడెక్కిన తరువాత రెండే సెట్లు చేస్తాను, కానీ ఆ రెండూ ఇక రాదన్నంతవరకు చేస్తాను. ఏడేళ్లుగా ఈ పద్ధతిలోనే ఉన్నాను, నిదానంగానైనా పెరుగుతూనే ఉన్నాను. 1970లలో నాటిలస్ వ్యాయామ యంత్రాలు తెచ్చిన ఆర్థర్ జోన్స్ ఈ మాటే చెప్పారు. 1992 నుంచి 1997 వరకు వరుసగా ఆరుసార్లు మిస్టర్ ఒలింపియా దేహదారుఢ్య పోటీ గెలిచిన డోరియన్ యేట్స్ కూడా వేడెక్కే సెట్ల తరువాత ఒక్క సెట్టును ప్రాణం పెట్టి చేసేవారు. రెండు రెప్స్ చేతిలో ఉంచుకుని ఆపమంటే చాలామంది తెలియకుండానే అయిదారు రెప్స్ మిగిల్చి ఆపేస్తారు. నేను నా కళ్లతో చూసింది అదే. తెగించి చేయడం ఎలా ఉంటుందో తెలియనివారికి, ఎంత మిగిలిందో ఎలా తెలుస్తుందండీ?

తాలింఖానా వీధి (అమలాపురం)

గుమాస్తాగారి ఆఖరి ప్రశ్న చాలా సరైనది, నేను దాన్ని వదిలేయడం పొరపాటు. ఎన్ని రెప్స్ మిగిలాయో అంచనా వేయడం అనుభవంతో వచ్చే నేర్పు, కొత్తవారు తమ శక్తిని తక్కువగానే అంచనా వేస్తారు. అందుకు మార్గం ఏమిటంటే, మూడు నాలుగు వారాలకొకసారి ప్రమాదం లేని యంత్రం మీద, ఆ రోజు చివరి సెట్టును నిజంగా ఆగిపోయేదాకా చేసి చూడడం. రెండు మిగిలాయనుకున్నచోట అయిదు వస్తే మీ కొలత తప్పిందని అర్థమవుతుంది.

వారి పద్ధతికీ నేను చెప్పినదానికీ పెద్ద వైరుధ్యం లేదని నా అభిప్రాయం. వారానికి ఎనభై నిమిషాలే దొరికేవారు తక్కువ సెట్లను చివరిదాకా చేయడమే న్యాయం. నాలుగు గంటలు దొరికేవారు కొంచెం వెనక్కు తగ్గి ఎక్కువ సెట్లు చేస్తే వచ్చే ఫలితం ఎక్కువ. రెండింటినీ ఒకేసారి పూర్తిగా కావాలనుకోవడమే కుదరదు, చెరువుగట్టుగారు ఎనిమిది నెలలుగా చేసింది అదే. యేట్స్ వంటివారి శరీరతత్వం, వారి జీవితమంతా ఆ ఒక్క పని చుట్టూ తిరగడం మనకు సాధ్యం కానివి కాబట్టి ఆ ఉదాహరణను నేను అంత బరువుగా తీసుకోను.

వ్యాయామ టీచరు (పాలకొల్లు)

మోచేతుల విషయం. లోపలివైపు నొప్పి సాధారణంగా పట్టు బిగించే కండరాలు ఎముకకు అతుక్కునే చోట వస్తుంది. పుల్ అప్స్, తిన్నని బార్‌తో కర్ల్స్, బరువైన రోయింగ్ ఎక్కువైనప్పుడు ఇది తరచుగా కనిపిస్తుంది. సెట్లు తగ్గించడమే మొదటి మందు. కర్ల్స్‌కు తిన్నని బార్ బదులు డంబెల్స్ తీసుకుని అరచేతులు ఎదురెదురుగా ఉండేలా పట్టుకోండి. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కినా, పట్టు బలం తగ్గినా ఆలస్యం చేయకుండా ఎముకల వైద్యుడికి చూపించండి.

చెరువుగట్టు (భీమవరం దగ్గర)

అందరికీ ధన్యవాదాలండి. ఒక వారం సెట్లు సగానికి తగ్గించి, తరువాత మూడు వారాలు చెప్పినట్టే చేశాక రాస్తున్నాను. 55 కేజీలకు మొదటి రోజు 9, 8, 8, 7 వచ్చాయి, నిన్న 11, 10, 9, 9 వచ్చాయి. ఎనిమిది నెలల తరువాత నోటుపుస్తకంలో అంకె పెరగడం చూసి నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. మోచేతుల నొప్పి పూర్తిగా పోలేదు గానీ సగం తగ్గింది, తిమ్మిరి లేదు.

మూడు సందేహాలు మిగిలాయి. మా జిమ్‌లో అన్నిటికన్నా చిన్న ప్లేటు 2.5 కేజీలది, అంటే రెండువైపులా కలిపి ఒకేసారి 5 కేజీలు పెంచాలి, 60కి వెళ్తే మళ్లీ 8 దగ్గరకు పడిపోతానేమోనన్న భయం ఉంది. రెండోది, బెంచ్ ప్రెస్‌లో చేతుల వెనుక కండ కూడా పనిచేస్తుంది కదా, దాన్ని చేతుల సెట్లలో కలపాలా వద్దా? మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది. వచ్చే నెలలో పట్టుబడి, అంటే పెరిగిన రొయ్యలను పట్టే పని, ఉంది. ఆ ముందు రెండు మూడు వారాలు రాత్రి నిద్ర ఉండదు, జిమ్‌కు వారానికి ఒక్కరోజు వెళ్లగలిగితే గొప్ప. ఇప్పుడిప్పుడే కదిలింది మళ్లీ పోతుందేమో.

తాలింఖానా వీధి (అమలాపురం)

మీ అంకెలు చూసి నాకూ చాలా సంతోషంగా ఉంది. ప్లేట్ల విషయంలో తొందర వద్దు. నాలుగు సెట్లలోనూ 12 వచ్చేదాకా 55 దగ్గరే ఉండండి, అప్పుడు 60 పెడితే 9 ప్రాంతంలో మొదలవుతుంది, అక్కడి నుంచి మళ్లీ 12కు ఎక్కండి. ఎనిమిదికి పడినా నష్టం లేదు, చేతిలో ఉండే రెప్స్ లెక్క మాత్రం మారకూడదు. వీలైతే 1.25 కేజీల ప్లేట్ల జత సొంతంగా కొనుక్కుని సంచిలో తీసుకువెళ్లండి, నేను అలాగే చేస్తాను. బెంచ్ ప్రెస్ సెట్టును చేతుల వెనుక కండకు అర సెట్టుగా లెక్కవేయండి. అలా చూస్తే వారానికి 10 ఛాతీ సెట్లతో అక్కడ 5 వచ్చేశాయి, విడిగా నాలుగైదు చాలు.

పట్టుబడి గురించి భయపడవలసిన పని లేదు. 2011లో బికెల్, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనంలో 16 వారాల శిక్షణ తరువాత కొందరి సాధనను తొమ్మిదో వంతుకు, అంటే వారానికి ఒక్కరోజు, ఒక్కొక్క వ్యాయామానికి ఒకే సెట్టుకు తగ్గించారు, బరువు మాత్రం తగ్గించలేదు. 20 నుంచి 35 ఏళ్ల మధ్యవారిలో పెరిగిన కండ 32 వారాల పాటు నిలిచింది. 60 దాటినవారిలో అలా నిలవలేదు, కానీ మీ వయసు 31. కాబట్టి ఆ మూడు వారాలు వారానికి ఒక్కరోజే వెళ్లి, బెంచ్ ప్రెస్, రోయింగ్, స్క్వాట్, భుజాల ప్రెస్ ఇప్పటి బరువులతోనే రెండేసి సెట్లు చేసి వచ్చేయండి. నిద్ర లేని రోజుల్లో తగ్గించవలసింది సెట్లనే, బార్ మీది బరువును కాదు. మేలోనూ రోహిణి కార్తెలోనూ ఉక్కపోతకు చేయి జారుతున్నప్పుడు కూడా నేను ఈ పద్ధతే పాటిస్తాను.

ఆ వారాల్లో తిండి మాత్రం తగ్గనివ్వకండి. 2018లో 49 అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ ప్రకారం కేజీ శరీర బరువుకు రోజుకు సుమారు 1.6 గ్రాముల మాంసకృత్తుల తరువాత అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. మీకు అది 109 గ్రాములు. నాలుగు గుడ్లలో 24, అర లీటరు పాలలో 16, మీ చెరువు రొయ్యలే పావుకేజీ ఒలిచినవి వండుకుంటే దాదాపు 50 వస్తాయి. పప్పూ, పెరుగూ, అన్నమూ మిగతాది పూరిస్తాయి.

మిల్లు గుమాస్తా (మండపేట)

పట్టుబడి రోజుల్లో నా పద్ధతికి వస్తున్నారన్నమాట, స్వాగతం. వారానికి ఒక్కరోజే వెళ్లేటప్పుడు వేడెక్కే సెట్లు మాత్రం తప్పించకండి. 55 కేజీలకు ముందు ఖాళీ బార్‌తో 10, 35తో 6, 45తో 3 చేసి మొదలుపెట్టండి. రాత్రంతా చెరువు గట్టున మేలుకున్న భుజాలు బిగుసుకుని ఉంటాయి. ఆ రోజు మొదటి సెట్టుకే బార్ మామూలుకన్నా బరువుగా తోస్తే ఇంటికి వెళ్లి పడుకుని, మర్నాడు వెళ్లండి.